కలీనా కొలిచిన ఊట

ఆ ఫిబ్రవరిలో మా వదిన జ్లాత్కా బస్సు దిగినప్పుడు ఆమె వెంట బట్టల పెట్టె చిన్నది, చెక్కపెట్టె పెద్దది. డ్రైవరూ మా ఆయన స్తామెనూ చెరోవైపు పట్టి దించారు. దానికి మూడు పక్కలు చెక్క, నాలుగో పక్క అద్దం. మూత లేదు.

"ఏంటక్కా ఇది, పాముల్ని పెంచుతున్నావా?" అన్నాడు స్తామెన్.

"నీ కూతురికి పుట్టినరోజు బొమ్మ. అద్దం పగిలిందో, నీ తల పగుల్తుంది."

కలీనాకి ఆ వారమే పదకొండు నిండాయి. నేను అప్పటికే పట్నం నుంచి ఒక బొమ్మ తెప్పించి ఉంచాను. కళ్ళు మూసి తెరిచే బొమ్మ, దానికి నాలుగు గౌన్లు. రెండు రోజులు అది మంచం మీద కూచుంది. మూడోరోజు దాని గౌను ఒకటి వదిన పెట్టెలో నీళ్ళు వడకట్టే గుడ్డ అయిపోయింది.

వదిన రాజధాని సోఫియాలో ముప్పై ఏళ్ళు ఆనకట్టల ఆఫీసులో ఇంజనీరుగా చేసి రిటైరైంది. ఆవిడ నోటికి మా ఊళ్ళో అందరూ భయపడేవాళ్ళు. "మా రోజుల్లో గదికి పది మందిమి ఉంటే అందులో నలుగురం ఆడవాళ్ళం. ఇప్పుడు మీ బడిలో ఏ ఆడపిల్లని కదిపినా గోళ్ళరంగుల పేర్లు తప్ప రావడంలేదు. ఇదెక్కడి ముందుకు పోవడమే నెవెనా?" అనేది నన్ను. నేను ఊళ్ళో పోస్టాఫీసు నడిపేదాన్ని. నాకు ముందుకూ వెనక్కూ తెలీదు, వంటింట్లో నేల శుభ్రంగా ఉండాలని మాత్రం తెలుసు.

ఆ నేల మీదే పెట్టె పెట్టారు. వాగు నుంచి ఇసుక, దొడ్డి వెనక నుంచి జిగటమన్ను తెచ్చి, పెట్టె మధ్యలో అడ్డంగా చిన్న కట్ట పోశారు. ఒకవైపు బీట్‌రూట్ ఉడికించిన ఎర్రనీళ్ళు నింపారు. అద్దంలోంచి చూస్తే ఆ ఎరుపు కట్టలోకి మెల్లగా పాకుతూ అవతలి పాదం దగ్గర చుక్కలుగా తేలింది.

"చూశావా," అంది వదిన. "కట్టంటే గోడ కాదు. కట్ట నీళ్ళు తాగుతుంది. తాగినవి కింద ఊటలా వస్తాయి. తేటగా వస్తున్నంతకాలం నిశ్చింతగా పడుకోవచ్చు."

"మురికిగా వస్తే?"

"అప్పుడు నీళ్ళొక్కటే రావడం లేదన్నమాట. కట్ట కూడా వచ్చేస్తోంది."

తర్వాత నా అల్లిక సూది ఒకటి తీసుకుని కట్టలోకి గుచ్చి లాగింది. కింద ఊట చిక్కబడింది. సూది పట్టే కన్నం వేలు పట్టేంతైంది, వేలు పట్టేది పిడికిలి పట్టేంతైంది. ఆ తర్వాత కట్ట నడుము విరిగి కూలింది. ఎర్రనీళ్ళు నా నేలంతా పారాయి. కలీనా చప్పట్లు కొట్టి, "మళ్ళీ, అత్తా, మళ్ళీ!" అంది. నేను మోకాళ్ళ మీద కూచుని గుడ్డతో తుడుస్తూ, ఈ పిల్ల కూలిపోవడం చూసి నవ్వుతోందేమిటా అనుకున్నాను.

వారం తిరిగేసరికి ఎదురింటి పిల్లలిద్దరూ కూడా మా వంటింట్లో చేరారు. ముగ్గురూ కలిసి ఇరవై కట్టలైనా కూల్చి ఉంటారు. ఇరవై ఒకటోది కూలకుండా ఎలా నిలబెట్టాలా అని పుల్లలు, గులకరాళ్ళు, పాత జోళ్ళు ముందేసుకుని దెబ్బలాడుకునేవాళ్ళు. వాగు పక్క కింద వీధిలో ఉండే లాజో తాత తేనె ఇచ్చిపోవడానికి వచ్చి గుమ్మంలో నిలబడి చూసేవాడు.

"ఏం ఇంజనీరమ్మా, నా బావిలో నీళ్ళెన్నో చెప్తావా?"

"తాడుకి రాయి కట్టి వదిలితే నువ్వే చెప్పుకోవచ్చు తాతా," అంది కలీనా తలెత్తకుండా.

"వామ్మో, దీనికి మొగుణ్ణి తేవడం కష్టమే," అని నవ్వుకుంటూ పోయాడు.

ఊరికి అరగంట నడకలో, కొండ మడతలో అసలు కట్ట ఉంది. సహకార సంఘం రోజుల్లో మట్టితో కట్టింది. ఆ చెరువుని ద్రాగ్నెవ్ అనే పట్నం ఆసామి చేపల కోసం కౌలుకి తీసుకున్నాడు. స్తామెన్ అక్కడ కాపలాదారు. రోజూ పొద్దున్న గుడిసెలో ఉన్న పుస్తకంలో నీటిమట్టం రాసి, పక్కన 'మామూలే' అని రాసి సంతకం పెట్టడం అతని పని. చెరువు నిండితే నీళ్ళు పొర్లిపోవడానికి అలుగు ఉంది. కానీ నీళ్ళతోపాటు చేపలూ పోతాయని ద్రాగ్నెవ్ ఆ అలుగుకి అడ్డంగా మందపాటి పలకలు కొట్టించాడు.

మేనత్తా మేనకోడలూ మొదటిసారి అక్కడికి వెళ్ళొచ్చిన రోజు వదిన అన్నం సరిగ్గా తినలేదు.

"స్తామెన్, ఆ అలుగు మూసిందెవరు?"

"ఆయనే. చేపలక్కా."

"చేపలకి ఈత వచ్చు. కింద వీధి వాళ్ళకి వచ్చా?"

స్తామెన్ రొట్టె ముక్కతో కంచం తుడుచుకున్నాడు.

కట్ట పాదం దగ్గర ఎప్పుడూ ఒక ఊట ఉండేది. గొర్రెలు తాగేవి. వదిన ఒక రేకు ముక్కకి మూడు మూలల గంటు కోసి ఇచ్చింది. కలీనా దాన్ని ఊట కాలవకి అడ్డంగా పాతింది. గంటులో నీళ్ళు ఎంత ఎత్తున పారుతున్నాయో స్కేలుతో కొలవడం, ఒక జామ్ సీసా నింపి ఇంటికి తేవడం, మర్నాడు అడుగున పేరుకున్న మట్టిని కొలవడం దాని కొత్త ఆట. బడి వదలగానే రబ్బరు బూట్లు తొడుక్కుని కొండెక్కేది. అన్నీ నోట్‌బుక్కులో రాసేది. మా కిటికీ గట్టు మీద సీసాలు వరసగా చేరాయి, ఒక్కోదానికి తేదీ అంటించి.

మార్చి ఒకటిన, వసంతం వస్తోందని, ఆనవాయితీగా ఊరంతా చేతికి ఎరుపు తెలుపు దారాలు కట్టుకుంది. అప్పటికి సీసాల అడుగున ఉన్నది సన్నటి గీత. తొమ్మిదో తారీఖున మంచు కరగడం మొదలైంది. పదిన గీత గీతలా లేదు, పట్టీలా ఉంది.

"నాన్నా, మూడు మిల్లీమీటర్లు," అంది కలీనా. "మొన్నటిదాకా అర."

"మంచునీళ్ళురా తల్లీ. ఈ నెలలో ఏ కాలవ తేటగా ఉంటుంది?"

"పక్క కాలవది కూడా తెచ్చా. అందులో ఏం లేదు. చూడు."

స్తామెన్ చూశాడు. రెండో సీసాని వెలుగుకి పట్టి చాలాసేపు చూశాడు. ఆ సాయంత్రమే ద్రాగ్నెవ్‌కి ఫోను చేశాడు.

ద్రాగ్నెవ్ పన్నెండున, ఆదివారం మధ్యాహ్నం జీపులో వచ్చాడు. మా టేబుల్ దగ్గరే చిక్కుడుగింజల పులుసు తాగాడు, బాగుందన్నాడు. వదిన రెండు సీసాలూ ఆయన ముందు పెట్టింది.

"కట్టలో బుంగ పడుతోంది ద్రాగ్నెవ్ గారూ. రెండు పలకలు తీయించండి. మట్టం మూరెడు దిగితే చాలు, తర్వాత మరమ్మతు చూసుకోవచ్చు."

"అమ్మా, మార్చిలో నా మొహం కడిగినా ఇంత మట్టి వస్తుంది," అని ఆయన పెద్దగా నవ్వాడు. సీసా తీసుకుని గుమ్మం దాకా వెళ్ళి, నీళ్ళు పెరట్లో పారబోసి, ఖాళీ సీసా కలీనా చేతిలో పెట్టాడు. జేబులోంచి చాక్లెట్ తీసి అదీ పెట్టాడు. "ఇంజనీరు గారికి ఫీజు."

గేటు దగ్గర స్తామెన్‌తో అన్నది నేను విన్నాను. "మీ అక్క చెప్పినట్టు చేస్తే, ఆ తర్వాత మీ అక్కనే ఉద్యోగం ఇమ్మను."

కలీనా చాక్లెట్ తినలేదు. నోట్‌బుక్కు తీసి ఏదో రాసుకుంది.

వదిన పురపాలక ఆఫీసుకి ఉత్తరం రాసింది. నేనే ముద్ర వేసి పంపాను. కమిటీ ఒకటి సెలవుల తర్వాత వస్తుందని ఫోన్లో చెప్పారు. స్తామెన్ రోజూ కొండెక్కాడు, రోజూ 'మామూలే' అని రాశాడు. ఇంట్లో ఎవరి మాటా ఎవరికీ పడలేదు. అక్కాతమ్ముళ్ళు ఒకే టేబుల్ దగ్గర కూచుని ఉప్పు అందివ్వమని నన్ను అడిగేవాళ్ళు.

ఊళ్ళో మాటలు మొదలయ్యాయి. పోస్టాఫీసు కిటికీ దగ్గరే అనేవాళ్ళు. "ఏం నెవెనా, మీ పిల్ల మమ్మల్నందర్నీ ముంచేస్తుందటగా?" ఇంకొకావిడ, "నోట్లోంచి అలాంటి మాటలు రాకూడదమ్మా, పిల్లకి చెప్పుకో," అంది. బళ్ళో ఎవరో దాన్ని 'కప్ప' అన్నారు. అయినా అది కొండెక్కడం మానలేదు. పదిహేనున తెచ్చిన సీసాలో అడుగున మట్టి తొమ్మిది మిల్లీమీటర్లు.

ఆ రాత్రి నుంచి వాన పట్టుకుంది. పదహారు పొద్దున కలీనా బూట్లు కనిపించలేదు. మంచం కింద, తలుపు వెనక, దొడ్లో వెతికింది. "అమ్మా, నా బూట్లు చూశావా?" అంటే, "నువ్వెక్కడ పారేసుకున్నావో," అన్నాను. అవి పోస్టాఫీసు బీరువాలో ఉన్నాయి. పిల్ల ఆట ఆగితే ఇల్లు సద్దుమణుగుతుందనుకున్నాను. కొలవకపోతే పెరగదనుకున్నానేమో కూడా. పదిహేడున కూడా వాన. వదిన కాలునొప్పితో లేవలేకపోయింది. కలీనా కిటికీ దగ్గర కూచుని కొండవైపు చూసింది.

పద్దెనిమిది పొద్దున అది నన్నడగలేదు. తండ్రి పాత బూట్లలో కాగితాలు కుక్కుకుని వెళ్ళిపోయింది. ఎనిమిదింటికి తిరిగొచ్చింది, మోకాళ్ళ దాకా బురద. సీసా టేబుల్ మీద పెట్టింది. అందులో ఉన్నవి నీళ్ళని చెప్పలేం.

"రేకు లేదు నాన్నా. కొట్టుకుపోయింది."

స్తామెన్ టీ తాగుతున్నాడు. సీసా వంక చూశాడు. గ్లాసు కింద పెట్టాడు. లేచి బూట్లు తొడుక్కుని, తలుపు వెనకున్న గడ్డపార తీసుకున్నాడు.

"నెవెనా, కింద వీధి వాళ్ళని పైకి తీసుకురా," అన్నాడు. "గంట కొట్టు."

వానలో గేటు కూడా మూయకుండా వెళ్ళిపోయాడు.

నేను చర్చికి పరిగెత్తి గంట తాడు పట్టుకుని అరచేతులు ఒరుసుకుపోయేదాకా లాగాను. తర్వాత కింద వీధి ఇల్లిల్లూ తిరిగాను. ఉత్తరాలు పంచేదాన్ని కాబట్టి ఏ ఇంట్లో ఎవరు మంచంలో ఉన్నారో, ఎవరికి చెవులు వినపడవో నాకు తెలుసు. కొందరు తిట్టారు. కొందరు పులుసు పొయ్యి మీదే వదిలి వచ్చారు. వదిన కర్ర పట్టుకుని బడి మెట్ల మీద నిలబడి, ఎవరొచ్చారో ఎవరు రాలేదో గట్టిగా పేర్లు పిలుస్తూ ఉంది. లాజో తాత కూడా వచ్చాడు, కోడలు పెన్కా, మనవరాలితో సహా. వచ్చిన పావుగంటకి, తేనెటీగల పెట్టెల మూతలకి రాళ్ళు పెట్టలేదని గుర్తొచ్చి, ఎవరూ చూడకుండా తిరిగి వెళ్ళాడు.

కొండ మీద స్తామెన్ పలకలు మూడు ఊడబెరికాడు. అలుగు పారింది. చెరువు జానెడు దిగింది. అంతకి ముందే కట్ట లోపల దారి పడిపోయింది. పదకొండు దాటాక పెద్దబండి కంకర దించినట్టు చప్పుడు వినిపించింది. కట్టకి గండి పడింది. కింద వీధిలో పదిహేడు ఇళ్ళు పోయాయి. లాజో తాత రెండు రోజుల తర్వాత వాగు మలుపులో దొరికాడు.

స్తామెన్ సాయంత్రం ఇంటికొచ్చాడు. చేతులు నెత్తురు. కలీనా ఆ చేతులు కడుగుతుంటే అతను ఏడ్చాడు. నేను వాళ్ళిద్దర్నీ చూస్తూ, బీరువాలో ఉన్న బూట్ల సంగతి ఎవరికీ తెలీదనుకున్నాను.

ఏప్రిల్ మొదటివారంలో విచారణాధికారి వచ్చాడు. అప్పటికే ద్రాగ్నెవ్ పట్నంలో చెప్పుకున్నాడు: తనకి ఎవరూ ఏ హెచ్చరికా చేయలేదని, కాపలావాడు పుస్తకంలో రోజూ 'మామూలే' అని రాశాడని, చివరికి పిచ్చెక్కినట్టు ఒక్కసారిగా పలకలు పీకడం వల్లే కట్ట తెగిందని. ఆయనకి చెప్పామని చూపించడానికి స్తామెన్ దగ్గర ఏముంది? కలీనా నోట్‌బుక్కు ఒక్కటే ఉంది. అందులో పన్నెండో తారీఖు కింద ఇలా ఉంది: 'ద్రాగ్నెవ్ గారు వచ్చారు. అత్త బుంగ పడుతోందని చెప్పింది. ఆయన సీసా పారబోశారు. చాక్లెట్ ఇచ్చారు.' ఇది చాలు అనుకున్నాను.

పేజీ తిప్పాను. తర్వాతి కాగితానికి రెండు వైపులా రాసి ఉంది. విచారణ ముందురోజు, అందరూ తోటలో ఉన్న వేళ, బ్లేడుతో ఆ కాగితాన్ని కుట్టు దగ్గర కోసేసి ఆప్రాన్ జేబులో పెట్టుకున్నాను.

భోజనాలయ్యాక స్తామెన్ నోట్‌బుక్కు ముందేసుకుని నెమ్మదిగా చదివాడు. వేలు ఒక చోట ఆగింది.

"పద్నాలుగో పేజీ తర్వాత పదిహేడో పేజీ ఉంది. మధ్యవి ఏవి?"

మొదటిరోజే వదిన పిల్ల చేత పేజీలన్నిటికీ నంబర్లు వేయించిందని నాకు తెలీదు. నేను వదిన వంక చూశాను. వదిన కంచం వంక చూసింది. కలీనా నా జేబు వంక చూసింది.

"అందులో నువ్వున్నావు స్తామెన్," అన్నాను. "అది చదివితే నిన్నూ తీసుకెళ్తారు."

"తెలుసు. నేనే కదా అందులో ఉంది." చెయ్యి చాపాడు. నేను కాగితం ఇచ్చాను. మడత సాపు చేసి కూతురి ముందు పెట్టాడు. "దీన్ని అతికించు తల్లీ. వంకర లేకుండా."

మర్నాడు గ్రంథాలయం హాలు నిండిపోయింది. ముందు వరసలో లాజో తాత కోడలు పెన్కా, నల్ల గుడ్డ కట్టుకుని. ద్రాగ్నెవ్ పక్కన అతని లాయరు. విచారణాధికారి నోట్‌బుక్కు తిరగేసి, పిల్ల చేతిరాత తనకి అర్థం కావడం లేదని, పిల్లే చదవాలని అన్నాడు.

కలీనా నిలబడి మొదటి పేజీ నుంచి చదివింది. తేదీ, ఎత్తు, మట్టి. తేదీ, ఎత్తు, మట్టి. బళ్ళో పాఠం అప్పజెప్పినట్టే. పన్నెండో తారీఖు చదివినప్పుడు హాల్లో గోల లేచింది, ద్రాగ్నెవ్ లాయరు ఏదో అడ్డుపడబోయాడు, అధికారి చెయ్యెత్తాడు. తర్వాత అతికించిన కాగితం వచ్చింది. పిల్ల గొంతు మార్చలేదు.

"పదమూడు. ఎత్తు ఆరు. మట్టి ఐదు. నాన్నకి మళ్ళీ చెప్పాను. రెండు పలకలు తీస్తే చాలని అత్త కూడా చెప్పింది. ద్రాగ్నెవ్ గారు ఒప్పుకోరని నాన్న అన్నాడు. నాన్న పుస్తకంలో మామూలే అని రాశాడు.

"పద్నాలుగు. ఎత్తు ఆరున్నర. మట్టి ఏడు.

"పదిహేను. ఎత్తు ఏడు. మట్టి తొమ్మిది. నాన్నకి చెప్పాను. నాన్న ఏమీ అనలేదు.

"పదహారు. కొలవలేదు. అమ్మ బూట్లు దాచింది.

"పదిహేడు. కొలవలేదు."

తలలన్నీ నావైపు తిరిగాయి. ఎందుకు దాచావని అది ఒక్కసారి కూడా నన్ను అడగలేదు, ఒక్కసారి కూడా నిందించలేదు. తెలిసింది తెలిసినట్టు రాసుకుందంతే.

"ఇది నిజమేనా?" అన్నాడు అధికారి స్తామెన్‌ని.

"ప్రతి అక్షరం," అన్నాడు స్తామెన్.

ఆ సాయంత్రం అతను మాతో ఇంటికి రాలేదు. ద్రాగ్నెవ్‌ని ఒక కారులో, అతన్ని ఇంకో కారులో తీసుకెళ్ళారు. కారెక్కే ముందు కూతురి తల మీద చెయ్యి వేశాడు, నా వైపు చూసి తలూపాడు. వదిన హాల్లోనే కూచుండిపోయింది. తర్వాత వస్తాను, మీరు పొండి అంది.

నేనూ కలీనా చర్చి మలుపు దాకా వచ్చాం. వెనకనుంచి అడుగులు వినబడ్డాయి. పెన్కా. మాతో కలిసి నడిచింది, పలకరించలేదు. ఆమె జోళ్ళ నిండా ఇంకా బూడిదరంగు బురద. పదేళ్ళుగా పండగకి రొట్టెలు ఇచ్చిపుచ్చుకున్నవాళ్ళం.

దారి చీలే చోట ఆగింది. నన్ను కాదు, కలీనాని చూసింది.

"నువ్వు చెప్పు పిల్లా. నీకు లెక్క తెలుసు. ఆ రెండ్రోజులు కూడా కొలిచుంటే మా మామ బతికేవాడా?"

కలీనా ఆలోచించింది. అది ఆలోచించేటప్పుడు పెదవి కొరుక్కుంటుంది. ఏదో ఒక మంచి అబద్ధం చెప్పకపోతుందా అని ఆశపడ్డాను. ఏది చెబితే నాకు మంచిదో అదీ నాకు తెలీదు.

"నాకు తెలీదు పిన్నీ," అంది. "ఆ రెండ్రోజులూ నేను కొలవలేదు."

పెన్కా తలాడించి, ఇల్లు లేని వీధివైపు దిగిపోయింది.